నాటిన పొదకు మహిమ ఉంటుందా?

దక్షిణ ఆఫ్రికా మెట్ట నేలల్లో, ఇసుక వాగుల ఒడ్డున, చెదపుట్టల మీద పెరిగే ముళ్ళరేగు జాతి ఒకటి ఉంది. వృక్షశాస్త్రంలో దాని పేరు జిజిఫస్ మ్యూక్రోనాటా. ఇంగ్లీషులో బఫెలో థార్న్ అంటారు. అక్కడి జులూ ప్రజలు మామూలుగా ఉంఫాఫా అని, చావు కర్మల సందర్భంలో ఉమ్లహ్లాన్కోసి అని పిలుస్తారు. కరవును తట్టుకునే ఈ పొద పండు మనుషులకూ పశువులకూ ఆహారం. దాని కొమ్మ చనిపోయినవారి ఆత్మను ఇంటికి చేర్చే వాహనం. అడవిలో దానంతట అది మొలిచే చెట్టుగానే తరతరాలు దాన్ని ఎరుగుదురు. ఇప్పుడు దాన్ని నర్సరీలలో విత్తుతున్నారు, పెరళ్ళలో నాటుతున్నారు. మనిషి విత్తి, నీళ్ళు పోసి పెంచిన మొక్కకు అడవి మొక్కకున్న మహిమే ఉంటుందా? ఈ ప్రశ్న ఒక్క పొదతో ఆగదు. పవిత్రత వస్తువులో ఉంటుందా, అది పుట్టిన తీరులో ఉంటుందా, దానితో మనుషులు పెట్టుకున్న బంధంలో ఉంటుందా అన్న పాత తాత్విక సమస్య దీని వెనుక ఉంది.

పొద స్వరూపం

ముళ్ళరేగు సాధారణంగా మూడు నుంచి పది మీటర్ల ఎత్తు పెరుగుతుంది. పొడి నేలల్లో గుబురు పొదగా ఆగిపోతుంది, నీటి దాపున చిన్న చెట్టవుతుంది. సహారాకు దక్షిణంగా సెనెగల్ నుంచి ఇథియోపియా దాకా, అక్కడి నుంచి దక్షిణ ఆఫ్రికా దాకా, అటు అరేబియా ద్వీపకల్పంలోనూ ఇది కనిపిస్తుంది. లేత కొమ్మలు కణుపు కణుపుకూ వంపు తిరుగుతూ సాగుతాయి. కణుపు దగ్గర రెండేసి ముళ్ళుంటాయి. ఒకటి నిటారుగా ముందుకు చూస్తుంది, రెండోది కొక్కెంలా వెనక్కి వంగి ఉంటుంది. ఆకులు నిగనిగలాడతాయి. పచ్చనిపసుపు రంగులో ఉండే సన్నని పూలలో తేనె ఎక్కువ, తేనెటీగలు విడవకుండా వస్తాయి.

పండు చిన్న రేగుపండంత ఉంటుంది. పండితే ఎర్రటి గోధుమరంగుకు వస్తుంది. గుజ్జు తక్కువ, పిండి పిండిగా ఉంటుంది. ఆకులు రాలిన తరువాత కూడా పండ్లు కొమ్మలను వదలవు. పచ్చిక ఎండిపోయిన కాలంలో పక్షులకు, జింకలకు, మేకలకు అదే మేత. పంటలు పోయిన సంవత్సరాల్లో మనుషులు ఈ పండ్లను ఎండబెట్టి దంచి జావ కాచుకున్నారు, పులియబెట్టి బీరు చేసుకున్నారు. లేత ఆకులను కూర వండుకున్నారు. 1899 నుంచి 1902 దాకా సాగిన బోయర్ యుద్ధకాలంలో గింజలను వేయించి కాఫీకి బదులు వాడారు. బెరడునూ వేళ్ళనూ దగ్గుకూ విరేచనాలకూ నాటువైద్యులు ఇస్తారు, ఆకులను నూరి గడ్డలకు కడతారు.

తెలుగువారికి ఈ జాతి కొత్తది కాదు. భోగినాడు పిల్లల తలమీద పోసే రేగుపళ్ళు దీనికి దగ్గరి చుట్టమైన జిజిఫస్ మారీషియానావి. రథసప్తమికి జిల్లేడు ఆకులతోపాటు తలమీద పెట్టుకుని స్నానం చేసేదీ ఆ రేగుపండే. బదరీనాథ్ క్షేత్రం పేరులో ఉన్నదీ రేగే. ఈజిప్టు, అరేబియా ప్రాంతాల్లో పెరిగే మరో చుట్టం జిజిఫస్ స్పైనా క్రిస్టి. ముస్లింలు సిద్ర్ అనే చెట్టు అదేనని చాలామంది గుర్తిస్తారు. ఖురాన్‌లో సిద్ర్ ప్రస్తావన ఉంది, మృతదేహానికి చేయించే స్నానంలో దాని ఆకులు వాడే ఆచారమూ ఉంది. క్రైస్తవ ప్రపంచంలో ఒక సంప్రదాయం ఏసు తలకు పెట్టిన ముళ్ళకిరీటాన్ని ఈ చెట్టుతోనే ముడిపెట్టింది. నీరు లేనిచోట నిలిచి, ముళ్ళతో తనను కాపాడుకుంటూ, పదిమందికి పండునిచ్చే ఈ జాతిని ఇన్ని మతాలవారు పుట్టుకకూ చావుకూ మధ్య నిలబెట్టుకోవడం గమనించదగ్గ విషయం.

ఇంటికి చేర్చే కొమ్మ

జులూల విశ్వాసంలో చనిపోయినవారు కుటుంబాన్ని వదిలిపోరు. వారు అమాడ్లోజి అవుతారు, అంటే ఇంటిని కనిపెట్టుకుని ఉండే పితృదేవతలు. ఇంటి వెనుకభాగంలో ఉమ్సామో అనే చోటు వారిది. బతికున్నవారు వారికి చెప్పవలసినవి అక్కడ చెబుతారు, పెట్టవలసినవి అక్కడ పెడతారు. అయితే ఆ బంధం నిలవాలంటే ఆత్మ ఇల్లు చేరాలి. ఆసుపత్రిలోనో, గనిలోనో, రోడ్డు మీదో పోయినవారి ఆత్మ పోయినచోటే దారి తెలియక తిరుగుతుందని వారి నమ్మకం.

అప్పుడు కుటుంబంలో పెద్దవారొకరు ముళ్ళరేగు కొమ్మ తీసుకుని ఆ చోటికి వెళతారు. చనిపోయినవారిని పేరుపెట్టి పిలిచి, ఇంటికి తీసుకుపోవడానికి వచ్చామని చెబుతారు. ఆ తరువాత కొమ్మను పట్టుకున్నవారు దారిలో ఇతరులతో మాట్లాడరు, కొమ్మతోనే మాట్లాడతారు. ఇదుగో ఏరు దాటుతున్నాం, ఇదుగో బండి ఎక్కుతున్నాం అని దారి పొడవునా చెబుతూ వస్తారు. బస్సులో ఆత్మకు విడిగా టికెట్టు కొనే కుటుంబాలున్నాయి. ఇల్లు చేరాక కొమ్మను ఉమ్సామో దగ్గర ఉంచుతారు. పశువుల దొడ్డిలో పాతిపెట్టిన పెద్దల సమాధుల మీద కూడా ఈ కొమ్మను వేసే ఆచారం ఉంది. ఆ ఆకులను మేకలో ఆవులో తింటే మంచిదే అంటారు. చనిపోయినవారు తమ మందలో కలిసిపోయారని దాని భావం.

కొమ్మ మీది ముళ్ళకు అర్థం చెబుతారు. ముందుకు చూసే ముల్లు మనిషి వెళ్ళవలసిన చోటును చూపుతుంది. వెనక్కి వంగిన ముల్లు అతడు వచ్చిన చోటును మరవవద్దంటుంది.

ఈ ఆచారం ఇంత బలంగా నిలవడానికి చరిత్రలో కారణం ఉంది. 1886లో విట్‌వాటర్స్‌రాండ్ ప్రాంతంలో బంగారం గనులు మొదలయ్యాయి. 1913లో వచ్చిన నేటివ్స్ ల్యాండ్ చట్టం నల్లజాతి ప్రజలకు దేశంలో సుమారు 7 శాతం నేలనే మిగిల్చింది, 1936లో దాన్ని 13 శాతం దాకా పెంచారు. బతుకుతెరువు కోసం మగవారు ఇల్లు విడిచి గనుల దగ్గరి బారకాసుల్లో ఏళ్ళకేళ్ళు ఉండవలసి వచ్చింది. ఇంటికి దూరంగా చావడం అప్పుడప్పుడు జరిగే దుర్ఘటనగా ఉండకుండా, ఆ బతుకులో భాగమైపోయింది. అలాంటి కాలంలో శవం రాకపోయినా మనిషిని ఇంటికి తెచ్చుకునే దారి ఈ కొమ్మ. దక్షిణ ఆఫ్రికా రచయిత నాట్ నకాసా 1965లో న్యూయార్క్‌లో చనిపోతే ఆయన అస్థికలు 2014లో గానీ స్వదేశం చేరలేదు. అంతకాలం తరువాత కూడా తెచ్చుకోవాలనిపించిన ఆరాటమూ, కొమ్మ పట్టుకుని వెళ్ళే పల్లెటూరి పెద్ద ఆరాటమూ ఒక్కటే.

భారతీయ ధర్మశాస్త్రాల్లోనూ దీన్ని పోలిన విధి ఉంది. దేశాంతరంలో పోయి దేహం దొరకనివారికి మోదుగ ఆకులతో, దర్భలతో మనిషి ఆకారం చేసి దహనం చేయించమని అవి చెబుతాయి. దేహం లేనిచోట మొక్కను నిలబెట్టడం రెండు సంప్రదాయాలకూ తోచింది. మనిషిలాగే మొక్కా ప్రాణమున్నదనీ, మట్టిలో వేరున్నదనీ గుర్తించినవారికి అది తోచడం సహజం.

సాగు ఎందుకు ప్రశ్న అయింది

దక్షిణ ఆఫ్రికాలో మందు మొక్కల వ్యాపారం పెద్దది. డర్బన్‌లోని వార్విక్ జంక్షన్, జొహానెస్‌బర్గ్‌లోని ఫరడే వంటి బజార్లలో బెరడు, వేళ్ళు, దుంపలు బస్తాల లెక్కన అమ్ముడవుతాయి. అడవి నుంచి తవ్వి తెచ్చేదే ఎక్కువ కావడంతో కొన్ని జాతులు అంతరించే దశకు వచ్చాయి. సిఫొనొకైలస్ ఈథియోపికస్ అనే అడవి అల్లం క్వాజులు-నాటాల్ అడవుల్లో కనుమరుగైంది. ఈ తరుగును ఆపడానికి డర్బన్ నగరపాలక సంస్థ 1980లలో సిల్వర్‌గ్లెన్ దగ్గర మందు మొక్కల నర్సరీ పెట్టి నాటువైద్యులకు మొక్కలూ శిక్షణా ఇవ్వడం మొదలుపెట్టింది.

అప్పుడే అసలు ప్రశ్న పైకి వచ్చింది. ఆ కాలంలో ఈ వ్యాపారాన్ని అధ్యయనం చేసిన వృక్షశాస్త్రవేత్త ఆంటొనీ కనింగ్‌హామ్ రెండు దేశాల వైద్యుల మధ్య తేడాను నమోదు చేశారు. బోత్స్వానా వైద్యులు సాగుచేసిన మొక్కను ఒప్పుకోలేదు. అడవిలో పెరిగినదానికున్న శక్తి దానికి ఉండదన్నారు. దక్షిణ ఆఫ్రికాలో మాట్లాడిన వైద్యుల్లో ఎక్కువమంది సాగు మొక్కకు అభ్యంతరం చెప్పలేదు. పక్కపక్క దేశాల్లో, ఒకే వృత్తిలో ఉన్నవారు ఇలా రెండు జవాబులిచ్చారంటే విషయం లోతైనదే.

ముళ్ళరేగు అరుదైన మొక్క కాదు. అంతరించే భయం దానికి లేదు. కానీ నగరాల్లో స్థిరపడ్డ కుటుంబానికి అవసరం పడినప్పుడు దగ్గరలో చెట్టు ఉండదు. ఉన్నా అది కంచె వేసిన పరాయి భూమిలో ఉంటుంది. అందుకే పెరట్లో నాటుకోవడం మొదలైంది. కొరత అనే వత్తిడి అంతగా లేకపోవడం వల్ల ఈ పొద దగ్గర ప్రశ్నను సూత్రంగానే పరిశీలించవచ్చు.

మూడు వాదాలు

మొదటి వాదం అడవి పక్షాన ఉంది. మనిషి చేయనిది, మనిషికి లొంగనిది కాబట్టే అడవి చెట్టు పవిత్రం. వర్షం దాన్ని తడిపింది, కరవు దాన్ని పరీక్షించింది, నిలిచింది. ఆ నిలకడే దాని శక్తి. రోజూ నీళ్ళందుకున్న మొక్క ఆ పరీక్షకు నిలవలేదు. తెలుగునాట స్వయంభువుగా వెలసిన దేవుడికి ప్రత్యేకమైన గౌరవం ఇవ్వడం వెనుక ఉన్నది ఇదే భావన. మనిషి సంకల్పానికి ముందే ఉన్నది మనిషి కంటే గొప్పది అన్న వినయం ఇందులో ఉంది.

రెండో వాదం జాతి పక్షాన ఉంది. శక్తి మొక్క స్వభావంలో ఉంటే, విత్తనం ఎక్కడ మొలిచినా ఆ స్వభావం మారదు. బెల్జియన్ కాంగోలో పనిచేసిన ఫ్రాన్సిస్కన్ మతగురువు ప్లాసిద్ టెంపెల్స్ 1945లో ప్రచురించిన ‘బంటూ తత్వశాస్త్రం’ ఈ ఆలోచనకు ఒక రూపమిచ్చింది. బంటూ ప్రజల దృష్టిలో ఉనికి అంటే ప్రాణశక్తేననీ, దేవుడు, పితరులు, మనుషులు, జంతువులు, మొక్కలు, రాళ్ళు ఆ శక్తి తరతమ భేదాలేననీ ఆయన చెప్పారు. ఈ పుస్తకాన్ని బెనిన్ తాత్వికుడు పౌలిన్ హూంటొంజీ గట్టిగా విమర్శించారు. ఒక ఖండంలోని కోట్లమందికి ఒకే తత్వాన్ని అంటగట్టి, వారిలో వాదం చేసే వ్యక్తులు ఉండరన్నట్టు రాయడం తప్పన్నారు. ఆ విమర్శ న్యాయమైనది. బోత్స్వానా, దక్షిణ ఆఫ్రికా వైద్యుల భేదాభిప్రాయమే దానికి సాక్ష్యం. ఆఫ్రికన్ విశ్వాసంలోపల చర్చ ఉంది, తీర్పు మారే వీలుంది.

మూడో వాదం బంధం పక్షాన ఉంది. కెన్యాకు చెందిన మతగురువు, తత్వవేత్త జాన్ మ్బిటి 1969లో ప్రచురించిన ‘ఆఫ్రికన్ మతాలు, తత్వశాస్త్రం’ అనే గ్రంథంలో, చనిపోయినా ఇంకా బతికున్నవారు అనే భావనను వివరించారు. పేరుపెట్టి తలచుకునేవారు ఉన్నంతకాలం ఆ వ్యక్తి కుటుంబంలో సభ్యుడే. తలచుకునే చివరి మనిషి కూడా పోయాక అతడు పేరులేని పితరుల సమూహంలో కలిసిపోతాడు. ఈ దృష్టితో చూస్తే కొమ్మ పని ఆత్మను మంత్రించి పట్టడం కాదు. పేరుపెట్టి పిలవడానికీ, దారంతా మాట్లాడడానికీ, ఇంట్లో చోటు చూపడానికీ అది ఆధారం. కొమ్మ ఎక్కడ పెరిగిందన్నదాని కంటే దాన్ని ఎవరు, ఎవరికోసం, ఎలాంటి మనసుతో కోశారన్నది ముఖ్యమవుతుంది.

వాదాల బలాబలాలు

మొదటి వాదంలో వినయం ఉంది కానీ అది గీసిన గీత నిలవదు. అడవి మొక్క ఎవరి సాయమూ లేకుండా మొలిచినది కాదు. ముళ్ళరేగు గింజను జింక మింగి మరోచోట విడిచింది. పక్షి పండు తిని కొండవాలు మీద వదిలింది. పశువుల కాపరి దారిలో తిని ఉమ్మేశాడు. చెదపురుగులు నేలను గుల్లచేసి మెత్తని మట్టి ఇచ్చాయి. అడవిలోనూ ప్రతి మొక్క వెనుక నాటినవారున్నారు. వారిలో ఒకరు మనిషైనంత మాత్రాన ఆ మొక్క పరంపర నుంచి వెలి అవుతుందనడం కష్టం. పైగా మనిషి నీళ్ళు పోసేది మొదటి ఒకటి రెండేళ్ళే. ఆ తరువాత నాటిన ముళ్ళరేగు కూడా అదే ఎండనూ అదే కరవునూ తనంతట తానే ఎదుర్కొంటుంది.

నాటిన చెట్టు పవిత్రం కాగలదనడానికి చరిత్రలో పెద్ద సాక్ష్యం అనురాధపురంలోని శ్రీ మహాబోధి. క్రీస్తు పూర్వం 3వ శతాబ్దంలో అశోకుడి కుమార్తె సంఘమిత్త బోధివృక్షం కొమ్మను సముద్రం దాటించి శ్రీలంకకు తీసుకువెళ్ళి నాటించిందని బౌద్ధ సంప్రదాయం. ఇప్పుడు బుద్ధగయలో ఉన్న చెట్టు కూడా నాటినదే. 1876లో పాత చెట్టు కూలిపోయాక, 1881లో పురావస్తు శాస్త్రవేత్త అలెగ్జాండర్ కనింగ్‌హామ్ కొత్త మొక్క నాటించారు. బౌద్ధులు ఆ రెండు చెట్లనూ ఒకే పరంపరగా పూజిస్తున్నారు. హిందూ సంప్రదాయంలో ప్రాణప్రతిష్ఠ అనే కర్మ ఉండడమే మనిషి చేతితో చేసినది దైవానికి నెలవు కాగలదన్న అంగీకారం. రావినీ వేపనూ పక్కపక్కన నాటి వాటికి పెళ్ళిచేసే ఊళ్ళలో, ఆ చెట్లు నాటినవి కాబట్టి దండం పెట్టనక్కర్లేదని ఎవరూ అనరు.

రెండో వాదం సాగుకు అనుకూలమే కానీ అర్ధసత్యం. స్వభావం ఒక్కటే చాలితే కర్మ అక్కరలేదు, కొమ్మతో మాట్లాడనక్కర్లేదు, పేరుపెట్టి పిలవనక్కర్లేదు. బజారులో కట్టగా కొన్న కొమ్మను గది మూల పడేస్తే చాలు. ఏ జులూ పెద్దా దానికి ఒప్పుకోరు.

మూడో వాదం ఆచారానికి అన్నిటికంటే దగ్గరగా ఉంది. కానీ దాన్ని చివరిదాకా లాగితే మొక్కకు చోటుండదు. బంధమే సర్వమైతే ఏ పుల్లైనా సరిపోవాలి. సరిపోదు. నీరు లేనిచోట బతికే స్వభావం, రెండు దిక్కులు చూసే ముళ్ళు, ఆకులు రాలినా విడవని పండ్లు, వీటిని చూసిన మనుషులే ఈ చెట్టుకు ఈ పని అప్పగించారు. కనుక మొక్క స్వభావమూ మనుషుల నడవడీ కలిసినచోట పవిత్రత పుడుతుంది. రెంటిలో ఏది లోపించినా నిలవదు.

ఇస్లాం సంప్రదాయం ఇందులో ఒక మంచి కొలబద్ద ఇస్తుంది. 9వ శతాబ్దంలో హదీసులను, అంటే ప్రవక్త మాటలను, సంకలనం చేసిన అబూ దావూద్, సిద్ర్ చెట్టును నరికినవారికి శిక్ష ఉందన్న ఒక హదీసును తన సంకలనంలో చేర్చారు. బాటసారికీ జంతువులకూ నీడనిచ్చే ఎడారి చెట్టును హక్కులేకుండా, అన్యాయంగా నరకడాన్ని గురించి ఆ మాట చెప్పబడిందని ఆయన వివరించారు. ఆ చెట్టు గౌరవం దానిలో దాగిన మంత్రశక్తి మీద ఆధారపడలేదు. అది ఇతరులకు ఇచ్చే ఆసరా మీద ఆధారపడింది. ఇదే కొలత ముళ్ళరేగుకూ సరిపోతుంది.

పెంచే పద్ధతి

ముళ్ళరేగును పెంచడం కష్టమైన పని కాదు, ఓపిక కావాలి. బాగా పండి ఎండిన కాయలు ఏరి నీళ్ళలో నానబెట్టి, గుజ్జు రుద్ది కడిగి, నీడలో ఆరబెడతారు. లోపలి పెంకు చాలా గట్టిది. అలాగే విత్తితే మొలకకు చాలాకాలం పడుతుంది. అందుకని పెంకును జాగ్రత్తగా పగలగొట్టి గింజ తీస్తారు, లేదా నానబెట్టి విత్తుతారు. అడవిలో ఈ పని జంతువుల పొట్టలో కొంత, వానలో ఎండలో కొంత జరుగుతుంది. ఏటి ఇసుక కలిపిన మట్టిలో గింజ మునిగేంత లోతున పెట్టి, వేసవి వెచ్చదనంలో తడి ఆరకుండా చూస్తారు.

మొలక కిందికి వేరు దించే తొందరలో ఉంటుంది. కనుక లోతైన సంచుల్లోకి మార్చాలి, వేరు చుట్టుకుపోకముందే నేలలో నాటాలి. గోతిలో పశువుల ఎరువు వేసి నాటి, మొదటి రెండు వేసవులు నీళ్ళు పోస్తే చాలు. మంచు బాగా కురిసేచోట లేత మొక్కకు కప్పు కావాలి. ముదిరిన చెట్టు కరవుకూ చలికీ తట్టుకుంటుంది. మేకలకు ఈ ఆకంటే ప్రీతి, కాబట్టి తొలినాళ్ళలో చుట్టూ ముళ్ళకంప వేస్తారు. కొక్కెపు ముళ్ళు బట్టనూ చర్మాన్నీ పట్టుకుంటాయి కాబట్టి నడిచే దారికీ పిల్లలు ఆడే చోటుకూ దూరంగా నాటాలి. వరసగా నాటితే పశువులు దాటలేని కంచె అవుతుంది.

కర్మకు కొమ్మ కోసేటప్పుడు ఒక చిన్న కొమ్మ చాలు, చెట్టుకు హాని లేదు. మందుకోసం బెరడు చుట్టూ వలిస్తే మాత్రం చెట్టు చస్తుంది. పెరటి చెట్టునైనా, అడవి చెట్టునైనా ఈ తేడా తెలిసి వాడడం ధర్మం.

ఏది మార్చవచ్చు, ఏది మార్చకూడదు

సాగు అంటే ఎంపిక. మంచి పండున్న చెట్టు విత్తనం దాచడంతో మొదలై, అంటుకట్టి కొత్త రకాలు చేయడం దాకా అది సాగుతుంది. రేగు విషయంలో ఇది ఇప్పటికే జరిగింది. పటాన్‌చెరు కేంద్రంగా 1972 నుంచి పనిచేస్తున్న ఇక్రిశాట్ వ్యవసాయ పరిశోధన సంస్థ, నైజర్‌లోని తన సహేల్ కేంద్రం ద్వారా పెద్ద కాయలు కాసే భారతీయ రేగు రకాలను అక్కడి రైతులకు అందించింది. సహేల్ ఆపిల్ అన్న పేరుతో అవి ప్రచారం పొందాయి. వాన సరిగా పడని చోట విటమిన్ సి ఉన్న పండు దొరకడం పిల్లల ఆరోగ్యానికి మేలే. ఆకలి తీర్చే సాగులో అపచారం ఏమీ లేదు.

అయితే సాగుదారులు సాధారణంగా తక్కువ ముళ్ళున్న చెట్లను కోరుకుంటారు. పండు కోసం ఆ ఎంపిక సబబే. ముళ్ళరేగులో అదే చేస్తే పరిస్థితి వేరు. ముందుకు చూసే ముల్లూ వెనక్కి చూసే ముల్లూ పోయిన చెట్టు ఇంకా మంచి పండే ఇవ్వవచ్చు, చనిపోయినవారిని ఇంటికి పిలిచే కొమ్మగా మాత్రం దానికి అర్థం మిగలదు. ఖురాన్ వర్ణించిన స్వర్గంలో సిద్ర్ చెట్లకు ముళ్ళుండవు. స్వర్గంలో అది సరిపోతుంది. ఇక్కడ, దూరమూ మరణమూ ఉన్న లోకంలో, ముళ్ళతోనే ఆ చెట్టు తన మాట చెబుతోంది. కాబట్టి నాటడం అభ్యంతరం కాదు. ఏ గుణం మీద ఆచారం నిలబడిందో ఆ గుణాన్ని తుడిచిపెట్టే సాగు అభ్యంతరం.

రెండో హద్దు సొంతదారీ హక్కు. అడవి పండుకు యజమాని లేడు. ఆకలైన పిల్లవాడూ, ఎగిరివచ్చిన పక్షీ, దారితప్పిన మేకా సమానంగా హక్కుదారులు. నాటిన చెట్టు నేల యజమానిది అవుతుంది. ఆ హక్కును పట్టుకుని పండునూ కొమ్మనూ పూర్తిగా సరుకుగా మార్చితే, దుఃఖంలో ఉన్న కుటుంబం కొమ్మకోసం బేరమాడవలసి వస్తుంది. అడవి నుంచి తెచ్చిన విత్తనంతో పాటు అడవి ఇచ్చే గుణం కూడా పెరట్లోకి రావాలి. కొన్ని పండ్లను చెట్టుమీదే వదిలేయడం, చావు ఇంటివారు అడిగితే ధర అడగకుండా కొమ్మ కోసి ఇవ్వడం ఆ గుణాన్ని నిలిపే పద్ధతులు.

తీర్పు

నాటిన ముళ్ళరేగుకు మహిమ ఉంటుంది. నాటడం వల్ల అది పుట్టదు, నాటడం వల్ల అది పోదు. మూడు విషయాలు తెగకుండా ఉంటే అది అడవి చెట్టుకు సమానం. విత్తనం అడవి పరంపర నుంచి రావాలి, మొక్క తన ముళ్ళనూ తన ఓర్పునూ కోల్పోకుండా పెరగాలి, దాని పండూ కొమ్మా అవసరమున్నవారికి అందాలి. ఈ మూడూ ఉన్న పెరటి చెట్టు కొమ్మను పట్టుకుని వెళ్ళిన పెద్ద, అడవి కొమ్మతో వెళ్ళిన తాతకు ఏ విధంగానూ తీసిపోరు.

అడవిలో దొరికిన చెట్టును వాడుకోవడం కంటే నాటడంలో ఒక అదనపు బాధ్యత కూడా ఉంది. అడవి చెట్టు దగ్గరికి మనిషి చావు వచ్చాక వెళతాడు. పెరట్లో ముళ్ళరేగు నాటినవాడు, తన కుటుంబంలో ఎవరో ఒకరు ఎప్పుడో ఎక్కడో దూరంగా పోవచ్చనీ, వారిని తెచ్చుకోవలసి వస్తుందనీ ముందే ఒప్పుకుని నీళ్ళు పోస్తాడు. తనను తెచ్చుకోవడానికీ ఆ చెట్టు కొమ్మే అక్కరకు రావచ్చని అతనికి తెలుసు. మరణాన్ని ఇంత నిబ్బరంగా అంగీకరించి, దాని కోసం పండ్లిచ్చే చెట్టును పెంచడం ఏ మతంలోనైనా సత్కర్మే. కరవు నేలల్లో ఇల్లున్నవారు తమ నేలకు సొంతమైన ముళ్ళరేగును, రేగును, సిద్ర్‌ను కంచె పక్కనైనా ఒకటి నాటాలి, దాని పండులో కొంత పక్షులకు వదలాలి.